ఉప్పుకి తగ్గ మర్యాద

మా హోటల్లో నన్ను అందరూ కిటికీ అనేవారు. వంటింటికీ, జనం కూర్చుని తినే హాలుకీ మధ్య గోడలో ఒక పెద్ద చదరపు కంత ఉంది. దానికి స్టీలు గట్టు, పైన పళ్ళేలు చల్లారకుండా ఒక వేడి దీపం. వండింది ఆ కంతలోంచే బయటికి వెళ్ళాలి, తినేవాళ్ళు అడిగింది ఆ కంతలోంచే లోపలికి రావాలి. ఆ గట్టు దగ్గర నిలబడి అటు కేకలు ఇటూ, ఇటు కేకలు అటూ అందించడం నా ఉద్యోగం. దానికి గట్టి గొంతుండాలి, రెండు పక్కలా తిట్లు తిని అరిగించుకునే కడుపుండాలి. నాకు రెండూ దండిగానే ఉన్నాయి.

లోపల పొయ్యి దగ్గర మా బావ. మా అక్క మొగుడు. ఆ వంటింటికంతటికీ పెద్ద. నన్ను అక్కడ పనిలో పెట్టించింది ఆయనే. ఆ సంగతి ఆయన ఎన్నడూ మర్చిపోలేదు, నన్నూ మర్చిపోనివ్వలేదు. నేనుండేది కూడా వాళ్ళింట్లోనే, వీధి వైపు గదిలో. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళకి అడిగినప్పుడల్లా ఒక కొత్త కారణం చెప్పేదాన్ని. చివరికి వాళ్ళే విసిగిపోయి మానేశారు.

కొన్నేళ్ళ కిందట బావకి ఒక పాడు జ్వరం వచ్చింది. తగ్గాక మనిషి లేచి తిరిగాడు కానీ నాలుక మాత్రం లేవలేదు. ఒకరోజు పొద్దున్నే నన్ను పిండి బస్తాల గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"నాకు రుచి తెలియట్లేదే. ఉప్పేదో చక్కెరేదో కూడా తెలియట్లేదు. వాసన లేదు, ఏమీ లేదు" అన్నాడు.

"డాక్టరుకి చూపించుకోలేకపోయావా?"

"చూపించాను. వస్తే వస్తుంది, లేకపోతే లేదన్నాడు. ఎవరికైనా తెలిస్తే నన్ను పొయ్యి దగ్గర నిలబడనిస్తారా? మీ అక్కకి కూడా చెప్పకు. బెంగపెట్టుకుంటుంది."

ఆ మాటంటూ ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. వంటింట్లో అందరినీ హడలగొట్టే మనిషి, చంటిపిల్లాడిలా పట్టుకున్నాడు. నా గుండె కరిగి నీరైపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, కానీ అప్పుడు కరిగింది. అబద్ధమెందుకు.

మిగతా వంటంతా ఆయన చేతులకి కంఠతా వచ్చు. ఎంత సేపు వేయించాలో, ఎప్పుడు మంట తగ్గించాలో చూపుతోనే తెలుస్తుంది. ఉప్పొక్కటే మాట వినేది కాదు. అందుకని ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఏ గిన్నెలోంచైనా మొదటి పళ్ళెం గట్టు మీదికి రాగానే నేను చెంచాతో రుచి చూస్తాను. చూసి, ఆయన్ని ఒక్క పిలుపు పిలుస్తాను. ఉప్పు తక్కువైతే "ఏరోయ్ బావా". సరిపోతే మామూలుగా "బావా". ఎక్కువైతే "బావగారండీ". ఉప్పుకి తగ్గ మర్యాద అన్నమాట. పిలుపు విని ఆయన గిన్నె సరిచేసుకునేవాడు.

ఇది కనిపెట్టింది నేనే. మరదలు బావని ఆటపట్టిస్తే అనుమానించేవాళ్ళెవరు? వంటిల్లంతా పడీ పడీ నవ్వేది. హాల్లో వడ్డించే రేడియో అని ఒకాయన ఉండేవాడు. జుట్టు నెరిసినా నోరు మూతపడని మనిషి. అందుకే ఆ పేరు. "ఇవాళ నువ్వు మీ బావని తెగ గౌరవిస్తున్నావే, ఏదో కావాలేంటి?" అనేవాడు. ఆ రోజు సూపు గిన్నెలో ఎన్ని నీళ్ళు పొయ్యాల్సి వచ్చిందో వాడికేం తెలుసు! అక్క కూడా ఒకసారి భోజనాల దగ్గర నన్ను కేకలేసింది. "మా ఆయన్ని నలుగురిలో ఏరా అంటున్నావటగా, నోటికి అదుపుండక్కర్లేదా?" అంది. బావ తలొంచుకుని అన్నం కలుపుకున్నాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను. అక్క ముందు అంత పెద్ద సంగతి దాచడం నాకెంత కష్టంగా ఉండేదో ఆ దేవుడికే తెలియాలి.

అలా ఏళ్ళు గడిచాయి. మా పెద్దాయన, అంటే హోటలు యజమాని, మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో కూర్చున్నాక హోటలు ఆయన కూతురి చేతికి వచ్చింది. ఆవిడ మంచిదే. కాకపోతే ఎదురుగా ఇంకో రెండు హోటళ్ళు వచ్చాయి, మా బల్లలు ఖాళీగా ఉంటున్నాయి. ఏదో ఒకటి మార్చాలని పట్టుబట్టి, ఇలాంటి చోట్ల పని తీరు చక్కదిద్దే ఒక సలహాదారురాలిని పిలిపించింది. ఆవిడ మడమల్లేని బూట్లేసుకుని, చప్పుడు చెయ్యకుండా వచ్చి మన వెనకాల నిలబడేది. నోరు తెరిస్తే "సూటిగా చెప్పండి" అనేది. మూడో రోజుకే రేడియో ఆవిడకి సూటిగారు అని పేరు పెట్టేశాడు.

సూటిగారు కొన్నాళ్ళు అన్నీ గమనించింది. తర్వాత అందరినీ హాల్లో కూర్చోబెట్టింది.

"సూటిగా చెప్తాను, ఏమీ అనుకోకండి. ఈ వంటింట్లో పనికంటే బంధుత్వాలు ఎక్కువున్నాయి. అన్నయ్యా, పిన్నీ, బావా, బాబాయ్! కూర మాడిందని బాబాయికి చెప్పాలంటే ఎవరికైనా మొహమాటంగా ఉండదూ? అందుకే ఇక్కడ తప్పులు బయటికి రావు. రేపట్నుంచి పనిలో వరసలు వద్దు. ఎవరి పని పేరుతో వాళ్ళని పిలవండి."

ఆవిడ చెప్పినదాంట్లో తప్పేముంది? నిజంగానే మాలో చాలామంది మొహమాటంతోనే నోరు మూసుకునేవాళ్ళం. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఊపుతుండగా బావ వైపు చూశాను. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

మర్నాటి నుంచి బావ చెఫ్ అయ్యాడు. నేను నిలబడే కంతని పాస్ అంటారట, కాబట్టి నేను పాస్‌నయ్యాను. "చదువుకునే రోజుల్లో ఎప్పుడూ అవలేదు, ఇప్పుడయ్యావు" అన్నాడు రేడియో. అందరితోపాటు నేనూ నవ్వాను కానీ నా ప్రాణం నా దగ్గర లేదు. మొదటి గిన్నెలోంచి పళ్ళెం గట్టు మీదికొచ్చింది. చెంచా ముంచి చూశాను. ఉప్పుకషాయం.

"చెఫ్ గారండీ!" అన్నాను.

సూటిగారు నా వెనకే ఉంది. "గారూ వద్దు, అండీ వద్దు. ఒక్క చెఫ్ చాలు" అంది.

ఇంకో గిన్నెకి దగ్గి చూశాను. పళ్ళేల దగ్గర దగ్గకూడదని చెప్పి, మాస్కు తెచ్చిచ్చి, ఎందుకైనా మంచిది డాక్టరుకి చూపించుకోమంది. చెంచాతో గట్టు మీద కొట్టి చూశాను. పొగ లాగే ఫ్యాను హోరులో బావకి వినపడలేదు. రెండు రోజులకి ఆ చెంచా కూడా పోయింది. రుచి చూసుకోవడం వండేవాళ్ళ పని, పాస్ దగ్గర ఎంగిలి చెంచాలు ఉండకూడదంది. అదీ సబబైన మాటే. ఆవిడ చెప్పినవన్నీ సబబైన మాటలే, అదే నా ఖర్మ.

దాంతోపాటు గట్టు పక్కన గోడకి మూడు మీటలు బిగించారు. పళ్ళెం తిరిగొస్తే తప్పు ఎక్కడ జరిగిందో చూసి ఆ మీట నొక్కాలి, వాళ్ళ లెక్కలో ఒకటి పడుతుంది. ఎరుపు పొయ్యిది, పసుపు రొట్టెల పొయ్యిది, నీలం పాస్‌ది. కోప్పడటాలు ఉండవు, తిట్లు ఉండవు, మీట నొక్కితే చాలు. నొక్కాల్సింది నేనే.

మొదటి పళ్ళెం మర్నాడే తిరిగొచ్చింది. ఒక ముసలాయన సూపు ఒక్క గుక్క తాగి, గ్లాసుడు నీళ్ళు తాగి, పంపించేశాడట. నా చెయ్యి ఎర్ర మీట దాకా వెళ్ళింది. బావ పొయ్యి వదిలేసి గట్టు దగ్గరికి వచ్చాడు.

"ఈసారికి నీ మీద వేసుకోవే" అన్నాడు గొంతు తగ్గించి. "పొయ్యి మీద ఎరుపు పడితే ఆవిడ వచ్చి నా పక్కనే నిలబడుతుంది. రుచి చూసి చెప్పమంటుంది. అంతటితో నా పనైపోతుంది."

"మరి నా పని?"

"నీకేం కాదు. నేనున్నాగా."

నీలం నొక్కాను. తర్వాత చేప పళ్ళెం వచ్చింది, మళ్ళీ సూపు వచ్చింది, చప్పటి కూరొకటి వచ్చింది. వచ్చినప్పుడల్లా బావ అలా ఒక చూపు చూసేవాడు, నేను నీలం నొక్కేదాన్ని. ఇంటికెళ్ళాక ఏదో ఒక ఉపాయం చూద్దామంటే "చూద్దాంలే, చూద్దాంలే" అని పడుకునేవాడు. అక్క మాత్రం ఎన్నడూ లేనిది నా పళ్ళెంలో రెండోసారి వడ్డించేది. "చిక్కిపోతున్నావే" అనేది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. తోబుట్టువంటే ఇలా ఉండాలి అనుకునేదాన్ని. ఎంత పిచ్చిదాన్ని!

ఒక మధ్యాహ్నం, భోజనాల రద్దీ తగ్గాక, నన్నూ బావనీ హాల్లోకి పిలిచారు. నేల తుడవడానికి కుర్చీలన్నీ తలకిందులుగా బల్లల మీద పెట్టేసి ఉన్నాయి. ఒక్క బల్ల చుట్టూ మాత్రం నాలుగు దించారు. యజమానురాలు నా మొహంలోకి చూడటం లేదు. సూటిగారు చూస్తోంది.

"సూటిగా అడుగుతాను. తిరిగొచ్చిన పళ్ళేలు దాదాపు అన్నీ మీ మీదే పడ్డాయి. వాటిలో చాలావరకు ఉప్పు తప్పులు. నాకర్థం కానిదేంటంటే, ఉప్పుకీ పాస్‌కీ సంబంధమేంటి? మీరు వండరు కదా? ఈ తప్పులు నిజంగా మీవేనా?"

ఆవిడ మనసులో చెడు లేదు. నాకు తప్పించుకునే దారి తెరిచి పట్టుకుంది. నేను బావ వైపు చూశాను. నేనున్నాగా అన్నాడు కదా, ఇదిగో ఇప్పుడు ఉండు అనుకున్నాను. పెద్దగా ఏమీ చెప్పక్కర్లేదు. "కొన్ని నావీ ఉన్నాయి" అంటే చాలు. రుచి సంగతి చెప్పకుండానే తప్పు చెరిసగం పంచుకోవచ్చు. నేను దానికే సిద్ధపడి ఉన్నాను.

బావ గొంతు సవరించుకున్నాడు.

"ఆవిడ జేబులో ఉప్పు పొట్లం పెట్టుకుంటుందండీ" అన్నాడు. "నేను పంపిన పళ్ళెంలో తనకి తోచినంత చల్లుతుంది. ముందు నుంచీ అంతే. చెంచా పెట్టి ప్రతిదీ కెలికేది, మీరూ చూశారు కదా. ఎన్నోసార్లు చెప్పాను. బంధువు కదా అని ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నాను. మీరన్నట్టు, మొహమాటం."

ఉప్పు పొట్లం! అలాంటిది నా దగ్గర నిజంగా ఉండుంటే సగం పళ్ళేలు తిరిగొచ్చేవే కావు. కానీ నాకు తగిలింది పొట్లం కాదు, ఆ పిలుపు. ఆవిడ. నా పక్కనే కూర్చుని, నన్ను ఆవిడ అన్నాడు. అప్పటికప్పుడు పుట్టిన మాటలు కావవి. ఎక్కడా తడుముకోలేదు. బాగా నలిగి, అరిగి, నునుపుదేలి బయటికొచ్చాయి.

"నిజమేనా?" అని అడిగింది సూటిగారు నన్ను.

కాదంటే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. ఆయన పొయ్యి పోతుంది. ఆయన పొయ్యి పోతే ఇంట్లో అక్క పొయ్యీ వెలగదు. ఇన్నేళ్ళూ హాలు చివరి బల్ల దాకా వినపడిన గొంతుని తగ్గించుకున్నాను.

"ఆయన చెప్పాక ఇక నేను చెప్పేదేముంది?" అన్నాను చివరికి.

"అది సూటి జవాబు కాదు" అంది ఆవిడ. ఇంకొంచెం సేపు చూసింది కూడా. ఆమె ఇంకోసారి అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో. ఈలోపు యజమానురాలు చెయ్యెత్తి, "ఇక చాలు, పాపం, వదిలెయ్యండి" అంది. జాలిపడి నన్ను ముంచేసింది. రేపట్నుంచి రావద్దని చాలా మర్యాదగా చెప్పారు. ఏప్రన్ విప్పి గట్టు మీద పెట్టి వచ్చేశాను. రేడియో దారిలోంచి పక్కకి తప్పుకున్నాడు.

ఇంటికి వెళ్తూ దారంతా ఒకటే ఆలోచన, అక్కకి ఎలా చెప్పాలా అని. మొగుడు ఇంత పని చేశాడని తెలిస్తే దాని కాపురం ఏమవుతుంది? అసలు సంగతి దాచి, నేనే మానేశానని చెప్పేద్దామని గుమ్మం దగ్గర నిర్ణయించుకున్నాను.

అక్క బల్ల మీద దుప్పటి పరిచి ఇస్త్రీ చేస్తోంది. నన్ను చూసి ఇస్త్రీ పెట్టె నిలబెట్టింది.

"అయిపోయిందా?" అంది.

ఏం అయిపోయిందని నేను అడగలేదు. చెప్పులు కూడా విప్పకుండా అక్కడే నిలబడిపోయాను.

"నీకు తెలుసా?"

"కూర్చో ముందు. మంచినీళ్ళు తాగు."

"నీకు తెలుసా అక్కా?"

"తెలీకుండా ఎలా ఉంటుందే? ఆయన నాలుక సంగతి జ్వరం తగ్గిన రోజే తెలుసు నాకు. నా చేతి కూర తిని ఏమీ అనని పూట ఉందా ఆయనకి? ఒక్కసారిగా వంకలు మానేస్తే నేను కనిపెట్టనా?"

"మరి నీకు చెప్పొద్దని నాతో బావ..."

"అలా అనమని నేనే చెప్పించాను. నాకు తెలుసంటే నువ్వు ఇంత మనసు పెట్టి చేసేదానివి కాదు. రహస్యమంటే నీకు ప్రాణం, చిన్నప్పట్నుంచీ అంతే." అక్క దుప్పటి ముడతలు చేత్తో సాపు చేసింది. "మొన్న మీ సూటిగారు ఆయన్ని విడిగా పిలిచి, పొయ్యి దగ్గర లోపమా, కిటికీ దగ్గర లోపమా తేలుస్తానందట. ఆయన రాత్రంతా నిద్రపోలేదు. నేనే ధైర్యం చెప్పాను. ఎవరో ఒకరు పోవాలంటే అదే పోనీ అన్నాను. నువ్వు ఒక్కదానివి. నీకు మొగుడా, పిల్లలా? నీ తిండికీ నీడకీ ఇక్కడేం లోటు? మా సంగతి అలా కాదుగా. ఆ ఉప్పు పొట్లం మాట కూడా నేనే..." అని ఆగిపోయింది.

నా పళ్ళెంలో రెండోసారి వడ్డించిన చెయ్యే అది. బావ గొంతు కోస్తే మందు రాయించుకోవడానికి నేను పరిగెత్తుకొచ్చింది ఈ చెయ్యి దగ్గరికే. ఏడుపు రాలేదు. నాకు సిగ్గేసింది. దాని కాపురం గురించి దారంతా కంగారుపడుతూ వచ్చినందుకు నా మీద నాకే సిగ్గేసింది.

"నాకు ముందు చెప్పి ఉంటే నేనే ఒప్పుకునేదాన్ని కదే" అన్నాను.

"చెప్తే నీకు బాధగా ఉండేది" అంది అక్క. నిజంగా అలాగే అనుకుంటోంది. అదే నేను తట్టుకోలేకపోయాను.

గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. ఆ పూట తినలేదు, మర్నాడు పొద్దున కూడా తినలేదు. బావ గుమ్మం ముందు నుంచి చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాడు, సూటిగారి బూట్లు ఆయనకీ వచ్చినట్టున్నాయి.

మధ్యాహ్నం భోజనాల వేళ కాకముందే తలుపు చప్పుడైంది. రేడియో. చేతిలో స్టీలు క్యారియరు. చెమటలు కక్కుతూ సైకిలు గోడకి ఆనించాడు.

"మీ బావ పంపించాడు. సూపూ, కూరా, చేపా, అన్నీ కొంచెం కొంచెం. వేడిగా ఉన్నాయి, తినెయ్" అన్నాడు. "నిజం చెప్పాలంటే నిన్న మా అందరికీ ఆయన మీద కోపమొచ్చింది. కానీ ఇవాళ చూశాక మాదే తప్పు అనుకున్నాం. పని పోయినా మరదలిని పస్తుంచలేదు, రోజూ పంపిస్తాడట. అలాంటి బావ ఎవరికి దొరుకుతాడు? తిని, ఎలా ఉందో ఒక్క మాట అడిగి రమ్మన్నాడు. త్వరగా రమ్మన్నాడు, గంటలో జనం వచ్చేస్తారు."

నేను అక్క వైపు చూశాను. అక్క నా వెనకే వచ్చి నిలబడింది. క్యారియరు వంకా నా వంకా చూస్తోంది. ఇది కూడా ఇద్దరూ కూర్చుని అనుకున్నదే. కిటికీ మనిషిని తీసేశారు, నాలుకని మాత్రం ఇంట్లో ఉంచుకున్నారు.

మూత సందులోంచి వాసన వస్తోంది. కడుపు నకనకలాడుతోంది.

"తీసుకెళ్ళిపో" అన్నాను.

"తినవా?"

"తినను."

"మరి ఎలా ఉందంటే ఏం చెప్పను?"

"మూత తియ్యలేదని చెప్పు."

రేడియోకి ఏమీ అర్థం కాలేదు. కాసేపు తల గోక్కుని, క్యారియరు సైకిలుకి తగిలించుకుని వెళ్ళిపోయాడు. సైకిలు మలుపు తిరిగేదాకా ఆగి, అక్క నా భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"మా నోటి దగ్గర కూడు లాగేస్తున్నావే! సొంత అక్క మీద ఇంత పగా?" అంది. "నీకేం అన్యాయం చేశామే మేము?"

"నేనేం చేశానక్కా?" అన్నాను. "ఒక్క పూట భోజనం వద్దన్నాను."